రాజీనామా ఇవ్వమని ఒత్తిడి చేస్తే: చట్టం ఎక్కడ నిలబడుతుంది, ఏ కాగితం ఎప్పుడు పెట్టాలి

ప్రశ్న ఇది: హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో ఆరేళ్ల ఏడు నెలలుగా పని చేస్తున్న ఉద్యోగిని హెచ్‌ఆర్ గదిలోకి పిలిచి, "సాయంత్రంలోగా రాజీనామా మెయిల్ పెట్టండి, లేకపోతే టర్మినేట్ చేస్తాం, రిలీవింగ్ లెటర్ కూడా రాదు" అన్నారు. పనితీరు బాగోలేదన్నది నోటిమాటే, రాతలో ఏమీ లేదు. చట్టం కాపాడుతుందా, కాపాడితే ఎవరి దగ్గరికి వెళ్లాలి?

కాపాడుతుంది. కానీ ఒక షరతుంది. ఉద్యోగం మీరు మానలేదు, వాళ్లు తీసేశారు అని రికార్డు చెప్పాలి. నోటీసు, పరిహారం, ఎంక్వయిరీ, లేబర్ కోర్టు, వీటిలో ప్రతి రక్షణా "యాజమాన్యం తొలగించింది" అన్న చోట మొదలవుతుంది. స్వచ్ఛందంగా రాజీనామా చేసినవాళ్లకు వీటిలో ఏదీ వర్తించదు. అందుకే అంత గట్టిగా రాజీనామా అడుగుతారు. "మీ మంచికే చెబుతున్నాం" అన్నా, "రికార్డు పాడవుతుంది" అన్నా, ఆ మెయిల్ వల్ల లాభం ఎవరికో ముందు ఆలోచించండి.

ఆ గదిలో వాదన పెట్టుకోవద్దు. ఏ కాగితం మీదా అక్కడికక్కడ సంతకం చేయొద్దు, వాళ్ల ల్యాప్‌టాప్‌లో తయారుగా ఉన్న మెయిల్ పంపొద్దు. "చెప్పదలచుకున్నది రాతపూర్వకంగా ఇవ్వండి, చదివి జవాబిస్తాను" అంటే చాలు. అదే మాట ఎన్నిసార్లయినా అనండి. బయటికి రాగానే, లాగిన్ తీసేయకముందే, అదే రోజు హెచ్‌ఆర్‌కూ మీ మేనేజర్‌కూ ఒక మెయిల్ పెట్టండి. మీ సొంత ఐడీకి బీసీసీ పెట్టుకోండి. ఇలా ఉంటే సరిపోతుంది:

"ఈ రోజు ఉదయం 11 గంటలకు జరిగిన సమావేశంలో, సాయంత్రంలోగా రాజీనామా ఇవ్వాలని, ఇవ్వకపోతే తొలగిస్తామని నాకు చెప్పారు. రాజీనామా చేసే ఉద్దేశం నాకు లేదు. నా పనితీరు గురించి ఇంతవరకు రాతపూర్వకంగా ఏ అభ్యంతరమూ రాలేదు. ఏదైనా ఉంటే రాతలో ఇవ్వండి, జవాబిస్తాను. నేను యథావిధిగా విధులకు హాజరవుతున్నాను."

ఇందులో కోపం లేదు, సెక్షన్ల నంబర్లు లేవు, బెదిరింపు లేదు. రెండేళ్ల తర్వాత దీన్ని చదివే న్యాయమూర్తికి కావాల్సినవి మాత్రం అన్నీ ఉన్నాయి: తేదీ, సమయం, వాళ్లన్న మాట, మీకు మానే ఉద్దేశం లేదన్న సంగతి, పనికి సిద్ధంగా ఉన్నారన్న సంగతి. చివరి వాక్యం అలంకారానికి పెట్టింది కాదు. అది ఎందుకు కావాలో కింద "రాకుండా మానేశారు" అన్న దగ్గర చెబుతాను.

ఒత్తిడికి లొంగి రాజీనామా ఇప్పటికే పంపేసి ఉంటే? దారి పూర్తిగా మూసుకుపోలేదు, కానీ గంటలు లెక్కపెట్టుకోవాలి. రాబోయే తేదీ నుంచి అమలయ్యేలా ఇచ్చిన రాజీనామాను అది అమల్లోకి వచ్చేలోగా ఉపసంహరించుకోవచ్చని సుప్రీంకోర్టు 1978లో గోపాల్ చంద్ర మిశ్రా కేసులోనూ, 1987లో బల్‌రామ్ గుప్తా కేసులోనూ చెప్పింది. అవి ప్రభుత్వ పదవులకు సంబంధించిన కేసులే అయినా, సూత్రాన్ని ప్రైవేటు ఉద్యోగాల్లోనూ వాదిస్తారు. కాబట్టి నోటీసు పీరియడ్ నడుస్తున్నంతకాలం ఉపసంహరణ మెయిల్‌కు విలువుంది. "తక్షణమే రిలీవ్ చేస్తున్నాం" అని వాళ్లు అదే సాయంత్రం ఆమోదించేస్తే, ఇక బలవంతం మీద వాదించాలి. బలవంతంతో గానీ అనుచిత ప్రభావంతో గానీ తీసుకున్న సమ్మతిని రద్దు చేయించుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 19, 19ఎ సెక్షన్లలో ఉంది. అయితే రుజువు భారం మీదే. రాజీనామా వెళ్లిన 24 గంటల్లో "ఇది నా ఇష్టంతో ఇచ్చింది కాదు, ఫలానా విధంగా రాయించారు, ఉపసంహరించుకుంటున్నాను" అని మెయిల్ ఉన్న కేసుకూ, నాలుగు నెలల తర్వాత మొదటిసారి ఆ మాట అన్న కేసుకూ చాలా తేడా ఉంటుంది. మధ్యలో "అందరికీ ధన్యవాదాలు, ఇక్కడ చాలా నేర్చుకున్నాను" అని వీడ్కోలు మెయిల్ పెట్టి ఉంటే అవతలి లాయరు మొదట చూపించేది దాన్నే.

ఆధారాల సంగతి. అపాయింట్‌మెంట్ లెటర్, ఇంక్రిమెంటు లెటర్లు, గత మూడు నాలుగేళ్ల అప్రైజల్ రేటింగులు, పేస్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు, పీఎఫ్ పాస్‌బుక్, ఫామ్ 16, హాజరు రికార్డు స్క్రీన్‌షాట్లు, మెచ్చుకుంటూ వచ్చిన మెయిళ్లు దాచుకోండి. ఇవి మీ ఉద్యోగానికి సంబంధించిన కాగితాలు. క్లయింటు డేటా, సోర్స్ కోడ్, సహోద్యోగుల జీతాల షీట్లు వంటివి మాత్రం సొంత మెయిల్‌కు పంపుకోవద్దు. చాలా మంది ఇక్కడే దెబ్బతింటారు. అప్పటిదాకా ఏ కారణమూ లేని యాజమాన్యానికి "రహస్య సమాచారం బయటికి పంపారు" అనే నిఖార్సైన దుష్ప్రవర్తన ఆరోపణను మనమే చేతికిచ్చినట్టవుతుంది. వాట్సాప్ సందేశాలూ రికార్డింగులూ ఉంటే అసలు ఫోన్‌ను అలాగే ఉంచండి, ఫార్మాట్ చేయొద్దు, ఎక్స్‌చేంజ్‌లో ఇవ్వొద్దు. ఎలక్ట్రానిక్ ఆధారాన్ని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 2023 సెక్షన్ 63 కింద ధ్రువీకరణ పత్రం జతచేయాలి. పాత ఎవిడెన్స్ చట్టంలో 65బి అన్నది ఇదే.

తొలగింపు పరిహారం కావాలంటే ఏడాదిలో 240 రోజులు పని చేసి ఉండాలి. అలా చేశానని చూపించే బాధ్యత కూడా మొదట కార్మికుడిదే అని సుప్రీంకోర్టు 2002లో హదిమని కేసులో తేల్చింది. నెలజీతం బ్యాంకులో పడే ఉద్యోగికి ఇది పెద్ద సమస్య కాదు. చేతికి నగదు ఇచ్చే చోట, కాంట్రాక్టర్ పేరు మీద నడిపే చోట ప్రాణసంకటం. అలాంటివాళ్లు మస్టరు రోలు (హాజరు పట్టీ), వేతన రిజిస్టరు యాజమాన్యమే తెచ్చి చూపించాలని కోర్టులో దరఖాస్తు వేయాలి. అడిగినా తేకపోతే వాళ్లకు వ్యతిరేకంగా అర్థం చేసుకునే వీలు కోర్టుకు ఉంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న: మీరు చట్టం దృష్టిలో "కార్మికుడు" అవుతారా? "నెలకు లక్ష జీతం తీసుకునేవాడు కార్మికుడేమిటి, సాఫ్ట్‌వేర్ వాళ్లకు లేబర్ చట్టాలు వర్తించవు" అనే మాట చాలా చోట్ల వినిపిస్తుంది. అది తప్పు. శారీరక, నైపుణ్య, సాంకేతిక, ఆపరేషనల్, క్లరికల్ పని చేసేవారికి జీతం పరిమితే లేదు. పరిమితి ఉన్నది సూపర్‌వైజరీ పని చేసేవారికి. పాత పారిశ్రామిక వివాదాల చట్టం 1947లో అది నెలకు 10,000 రూపాయలు, పారిశ్రామిక సంబంధాల కోడ్ 2020లో 18,000. మేనేజీరియల్, అడ్మినిస్ట్రేటివ్ హోదాలో ఉన్నవాళ్లు జీతం ఎంతైనా బయటే. హోదా పేరు చూసి తేల్చరు, రోజంతా ప్రధానంగా ఏ పని చేస్తారన్నది చూస్తారు. వీళ్లకు సెలవు మంజూరు చేసే అధికారం ఉందా? ఎవరినైనా ఉద్యోగంలోకి తీసుకోగలరా, తీసేయగలరా, చార్జిషీటు ఇవ్వగలరా? ఖర్చు ఆమోదించగలరా? ఇవేవీ లేకుండా రోజంతా కోడ్ రాస్తూ, టెస్టింగ్ చేస్తూ, పక్కనున్న ఇద్దరు జూనియర్ల పని సమన్వయం చేస్తున్న "టీమ్ లీడ్" తాను చేసేది సాంకేతిక పనేనని గట్టిగా వాదించవచ్చు. అందుకే కార్మిక శాఖకు ఇచ్చే దరఖాస్తులో హోదా ఒక్కటీ రాసి వదిలేయకుండా, చేసే పనులు వరుసగా రాయాలి.

ఏ చట్టం అన్నది తొలగింపు తేదీని బట్టి ఉంటుంది. నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చాయి, 29 కేంద్ర చట్టాలు వాటిలో కలిసిపోయాయి. ఆ తేదీకి ముందే తీసేసి ఉంటే మీ హక్కులు 1947 చట్టం ప్రకారమే. ఆ తర్వాతైతే కొత్త కోడ్. మౌలిక రక్షణలు రెండింటిలోనూ దాదాపు ఒకటే. మారినవి గడువులు, కొన్ని అంకెలు. నెట్‌లో దొరికే సమాచారంలో పాతదీ కొత్తదీ కలిసిపోయి ఉంటుంది కాబట్టి ఏది చదివినా ముందు ఈ తేదీ దగ్గర ఆగండి.

తొలగింపు చట్టబద్ధం కావాలంటే యాజమాన్యానికి ఉన్నవి ప్రధానంగా రెండే దారులు. ఒకటి రిట్రెంచ్‌మెంట్, రెండోది దుష్ప్రవర్తనకు క్రమశిక్షణ చర్య. "పనితీరు బాగోలేదు, రేపట్నుంచి రావొద్దు" అనేది ఈ రెంటి మధ్యలో ఉన్న ప్రత్యేక దారేమీ కాదు. క్రమశిక్షణ శిక్షగా కాకుండా ఏ కారణం చేత తీసేసినా అది రిట్రెంచ్‌మెంటే అని 1990లో పంజాబ్ ల్యాండ్ డెవలప్‌మెంట్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. స్వచ్ఛంద పదవీ విరమణ, రిటైర్మెంటు వయసు, కాంట్రాక్టు గడువు ముగియడం వంటి కొన్ని మినహాయింపులు మాత్రం చట్టంలోనే ఉన్నాయి. అంటే పనితీరు సాకుతో ఎంక్వయిరీ లేకుండా తీసేసినా రిట్రెంచ్‌మెంటు షరతులు పాటించి తీరాలి.

ఆ షరతులు పాత చట్టంలో 25ఎఫ్, కొత్త కోడ్‌లో సెక్షన్ 70: కారణం రాసిన ఒక నెల నోటీసు గానీ దానికి బదులు ఒక నెల వేతనం గానీ, పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం, ప్రభుత్వానికి సమాచారం. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు. ఏడాదైనా నిరంతర సేవ ఉండాలి, అంటే గత పన్నెండు నెలల్లో 240 రోజులు. వీటిలో నోటీసూ పరిహారమూ తొలగింపుకు ముందే తీరాల్సిన షరతులు. ముందు తీసేసి, మూడు నెలలకు ఫుల్ అండ్ ఫైనల్‌లో (ఆఖరి లెక్కలో) ఆ డబ్బు కలిపి ఇస్తామంటే కుదరదు. అలాంటి తొలగింపు చెల్లదని 1960లో హాస్పిటల్ మజ్దూర్ సభ కేసు నుంచీ స్థిరపడిన న్యాయం. కాబట్టి తొలగింపు లెటర్ తేదీ, డబ్బు ఖాతాలో పడిన తేదీ పక్కపక్కన రాసి పెట్టుకోండి. ఆ రెండు తేదీల మీదే తీర్పు మారిన కేసులు ఉన్నాయి.

లెక్క ఒకసారి వేసి చూద్దాం. జీతం నెలకు 40,000, అందులో బేసిక్ 15,000, మిగతా 25,000 అలవెన్సులు అనుకుందాం. ఆరేళ్ల ఏడు నెలలు కాబట్టి ఏడేళ్లు. పాత చట్టంలో వేతనం అంటే అలవెన్సులూ కలుస్తాయి, 15 రోజులంటే నెలలో సగం: 20,000 ఇంటూ 7, మొత్తం 1,40,000. కొత్త కోడ్‌లో వేతనం నిర్వచనం వేరు. హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) వంటివి బయటికి పోతాయి, కానీ అలా బయటికి పోయేవి మొత్తంలో సగం దాటితే దాటిన భాగాన్ని తిరిగి కలపాలి. ఇక్కడ 25,000లో 20,000 వరకే మినహాయింపు, మిగతా 5,000 బేసిక్‌కు కలిసి వేతనం 20,000 అవుతుంది. సగం 10,000, ఏడేళ్లకు 70,000. దానికి తోడు రీస్కిల్లింగ్ ఫండ్ (కొత్త నైపుణ్యం నేర్చుకోవడానికి ఇచ్చే నిధి) కింద మరో 15 రోజుల వేతనం యాజమాన్యం జమ చేయాలి, అది రిట్రెంచ్‌మెంట్ అయిన 45 రోజుల్లో కార్మికుడి ఖాతాకు చేరాలి. గ్రాట్యుటీ వేరే: అక్కడ నెలను 26తో భాగిస్తారు. 20,000 ఇంటూ 15 బై 26 ఇంటూ 7, సుమారు 80,769. రిట్రెంచ్‌మెంటు పరిహారానికి 30, గ్రాట్యుటీకి 26. ఈ రెండు భాగహారాలూ కలిపేసి తక్కువ లెక్క కట్టడం సెటిల్‌మెంటు షీట్లలో మామూలుగా జరిగే తప్పు. గ్రాట్యుటీ 30 రోజుల్లో రావాలి. ఉద్యోగం ముగిశాక మిగిలిన జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలని వేతనాల కోడ్ సెక్షన్ 17 చెబుతోంది. "45 రోజుల తర్వాత ఫుల్ అండ్ ఫైనల్" అన్న కంపెనీ పాలసీ జీతం విషయంలో ఈ చట్టం ముందు నిలవదు.

చాలా మంది నమ్మే ఇంకో మాట: "300 మంది లోపు ఉంటే ఇష్టమొచ్చినట్టు తీసేయొచ్చట." ఆ 300, పాత చట్టంలో 100, ప్రభుత్వం ముందస్తు అనుమతికి సంబంధించిన అంకె. అదీ ఫ్యాక్టరీలు, గనులు, తోటలకు మాత్రమే. నోటీసు, పరిహారం షరతులకు ఆ అంకెతో సంబంధం లేదు, పది మంది ఉన్న సంస్థలోనూ అవి ఉంటాయి. ఒకే విభాగంలో చివర చేరినవారిని ముందు తీయాలన్న నియమం కూడా అంతే. దాన్ని తప్పితే కారణం రికార్డు చేయాలి.

ఇక దుష్ప్రవర్తన దారి. ఆరోపణ ఉంటే చార్జిషీటు ఇవ్వాలి. అందులో ఏ రోజు, ఎక్కడ, ఏం చేశారన్నది స్పష్టంగా ఉండాలి, "ప్రవర్తన సరిగా లేదు" అంటే చార్జిషీటు కాదు. జవాబుకు సమయం, ఆధార పత్రాల నకళ్లు, వాళ్ల సాక్షులను మీరు ప్రశ్నించే అవకాశం, మీ సాక్షులను పిలిచే అవకాశం ఇవ్వాలి. ఫిర్యాదు చేసినవాడే ఎంక్వయిరీ అధికారిగా కూర్చోకూడదు. ఎంక్వయిరీ రిపోర్టు నకలు మీకు ఇచ్చి, శిక్ష వేసేముందు మీ మాట వినాలి. ఇది 1993లో మన హైదరాబాద్ ఈసీఐఎల్ కేసులోనే తేలింది, ప్రైవేటు సంస్థలకూ వర్తిస్తుందని ఆ తీర్పే చెప్పింది. ఎంక్వయిరీకి వెళ్లకుండా ఉండిపోవడం పెద్ద పొరపాటు. "ఎలాగూ ముందే నిర్ణయించేశారు కదా" అని మానేస్తే ఎక్స్‌పార్టీగా, అంటే మీరు లేకుండానే ముగించి, అవకాశం ఇచ్చినా రాలేదని రాస్తారు. వెళ్లండి. రోజువారీ ప్రొసీడింగ్స్ మీద సంతకం చేసేముందు చదవండి, మీరు అడిగిన ప్రశ్న రాయకపోతే అక్కడే "నా ప్రశ్న నమోదు చేయలేదు" అని రాసి సంతకం చేయండి, ఆ పేజీ నకలు అడగండి. సస్పెన్షన్‌లో ఉంటే మొదటి 90 రోజులు సగం వేతనం, జాప్యం మీ వల్ల కాకపోతే ఆ తర్వాత 75 శాతం. స్టాండింగ్ ఆర్డర్లు (చట్టం ప్రకారం సంస్థ పెట్టుకునే ఉద్యోగ నిబంధనలు) వర్తించే సంస్థల్లో ఇది హక్కు.

రాజీనామా ఇవ్వనివాళ్ల మీద వాడే మూడో పద్ధతి మరీ అన్యాయమైనది. స్వైప్ కార్డు ఆపేస్తారు, గేటు దగ్గర ఆపేస్తారు, పది రోజులయ్యాక "చెప్పకుండా మానేశారు, ఉద్యోగం వదిలేసినట్టుగా భావిస్తున్నాం" అని లెటర్ వస్తుంది. ఇలా ఎంక్వయిరీ లేకుండా పేరు కొట్టేయడం చెల్లదని 1993లో డి.కె. యాదవ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులోనూ స్టాండింగ్ ఆర్డర్లలో "ఎనిమిది రోజులు రాకపోతే పోయినట్టే" అనే నిబంధన ఉంది, అయినా విచారణ తప్పదంది. కానీ మీరు వచ్చారని చూపించుకోవాలి. కార్డు పనిచేయని రోజే సొంత మెయిల్ నుంచి "ఈ రోజు 9.20కి వచ్చాను, కార్డు పనిచేయలేదు, సెక్యూరిటీ లోపలికి వెళ్లనివ్వలేదు, విధులకు సిద్ధంగా ఉన్నాను" అని పంపండి. రెండు మూడు రోజులు మళ్లీ వెళ్లండి, మళ్లీ పంపండి. తర్వాత అదే విషయం స్పీడ్ పోస్టులో రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాకు పంపి, రసీదూ డెలివరీ ట్రాకింగ్ ప్రింటూ దాచండి. వాళ్లు వెనక్కి రమ్మని లెటర్ పంపితే మాత్రం వెళ్లి తీరాలి, లేదంటే మీ కేసు అక్కడితో బలహీనపడుతుంది.

పీఐపీ (పనితీరు మెరుగుపరచుకోమని గడువుతో ఇచ్చే ప్రణాళిక) పెడితే భయపడి రాజీనామా ఇవ్వొద్దు. లక్ష్యాలు కొలవగలిగేవిగా ఉన్నాయా, ఇచ్చిన సమయంలో సాధ్యమేనా అని రాతలో అడగండి, ప్రతి వారం సమీక్ష తర్వాత ఏం జరిగిందో మీరే ఒక మెయిల్‌లో రాసి పెట్టండి. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు రక్షణ తక్కువ. మామూలు మాటల్లో ముగిస్తే పెద్దగా చేయగలిగింది లేదు. కానీ లెటర్‌లో "అవినీతి", "మోసం" లాంటి మచ్చ వేసే మాట రాస్తే అది శిక్ష కిందికి వస్తుంది, విచారణ అవసరమవుతుంది. ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్లకు గడువు ముగియడం తొలగింపు కాదు, అయితే కొత్త కోడ్‌ల కింద ఏడాది పూర్తయితే గ్రాట్యుటీ వస్తుంది.

కొన్ని సమయాల్లో తీసేయడమే నిషిద్ధం. ప్రసూతి సెలవులో ఉండగా తొలగించడం, ఆ కారణంతో నోటీసు ఇవ్వడం చట్టవిరుద్ధం, పాత 1961 చట్టంలోనూ, ఇప్పటి సామాజిక భద్రత కోడ్‌లోనూ. ఈఎస్‌ఐ సిక్‌నెస్ బెనిఫిట్ తీసుకుంటున్న కాలంలోనూ తొలగింపుకు అడ్డు ఉంది. లైంగిక వేధింపు ఫిర్యాదు తర్వాత వెంటనే పనితీరు ఆరోపణలు మొదలైతే రెండింటి తేదీలూ కలిపి ఫిర్యాదుల కమిటీ ముందు పెట్టాలి. లైంగిక వేధింపుల చట్టంలో ఫిర్యాదుకు గడువు మామూలుగా మూడు నెలలే, విచారణ సాగుతుండగా బదిలీ గానీ మూడు నెలల వరకు సెలవు గానీ కమిటీ సిఫారసు చేయగలదు.

ఎక్కడికి వెళ్లాలి? ప్రైవేటు కంపెనీ అయితే రాష్ట్ర కార్మిక శాఖలో మీ ప్రాంతపు కన్సిలియేషన్ అధికారి (ఇరుపక్షాల మధ్య రాజీ కుదిర్చే అధికారి) దగ్గరికి. బ్యాంకులు, బీమా, రైల్వే, గనులు, ఎయిర్‌పోర్టుల వాళ్లయితే కేంద్ర లేబర్ కమిషనర్ కార్యాలయానికి. దరఖాస్తు రెండు మూడు పేజీలు చాలు: చేరిన తేదీ, హోదా, నిజంగా చేసే పనులు, ఆఖరి జీతం, ఏ రోజు ఎలా తీసేశారు, నోటీసు లేదు, పరిహారం లేదు, ఎంక్వయిరీ లేదు, ఆనాటి నుంచి వేరే ఉద్యోగం లేదు. కోరేది "సర్వీసు కొనసాగింపుతో, బ్యాక్ వేజెస్‌తో, ఇతర ప్రయోజనాలతో తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలి" అని స్పష్టంగా ఉండాలి. బ్యాక్ వేజెస్ అంటే తీసేసిన నాటి నుంచి రావాల్సిన జీతం. పరిహారం మాత్రమే అడిగి, తర్వాత ఉద్యోగం కావాలంటే ఇబ్బంది. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో రసీదు ముద్ర వేయించుకోండి. దరఖాస్తు ఎప్పుడు వేశారన్నదానికి ఆ ముద్రే రుజువు.

పాత చట్టం కింద ఆ దరఖాస్తు వేసిన 45 రోజులకు రాజీ కుదరకపోతే సెక్షన్ 2ఎ ప్రకారం మీరే నేరుగా లేబర్ కోర్టుకు వెళ్లొచ్చు. తొలగించిన తేదీ నుంచి మూడేళ్లలోపు. కొత్త కోడ్‌లో వివాదం పుట్టిన రెండేళ్లలోపు కన్సిలియేషన్‌కు వెళ్లాలి. అధికారి 45 రోజుల్లో ముగించి రిపోర్టు ఇవ్వాలి, ఆ రిపోర్టు అందిన 90 రోజుల్లో ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేయాలి. పాత మూడేళ్ల లెక్క తలలో పెట్టుకుని తీరిగ్గా ఉంటే ఈ గడువుల దగ్గర కేసు పోయే ప్రమాదం ఉంది. రిపోర్టు నకలు అధికారి పంపుతాడులే అని ఎదురుచూడకుండా కార్యాలయానికి వెళ్లి తీసుకోండి.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంకో దారి ఉంది, చాలా మందికి తెలియదు. దుకాణాలు, సంస్థల చట్టం 1988 సెక్షన్ 47 ప్రకారం ఆరు నెలలు నిరంతరంగా పని చేసిన ఉద్యోగిని సహేతుక కారణం లేకుండా, నెల నోటీసు గానీ వేతనం గానీ ఇవ్వకుండా తొలగించకూడదు. సెక్షన్ 48 కింద కార్మిక శాఖ అధికారి దగ్గర అప్పీలు ఉంటుంది. ఇది రాష్ట్ర చట్టం, కేంద్ర కోడ్‌లు దీన్ని రద్దు చేయలేదు. ఇక్కడ "కార్మికుడా కాదా" అన్న చర్చ అంతగా రాదు, సంస్థ వ్యవహారాల మీద పట్టు ఉన్న మేనేజ్‌మెంటు స్థాయివాళ్లు తప్ప ఆఫీసు ఉద్యోగులు సాధారణంగా వస్తారు. ఈ దారి ఎంచుకుంటే తొలగించిన నెలలోపే వేయడం మంచిది. ఒకే తొలగింపు మీద రెండు చోట్లా సమాంతరంగా నడపొద్దు. ఏది మీ పనికి సరిపోతుందో లాయరుతో మాట్లాడి ఒకటే ఎంచుకోండి.

నిజంగానే మేనేజరు స్థాయిలో ఉన్నవాళ్లకు లేబర్ కోర్టు లేదు. వాళ్లకు ఆధారం అపాయింట్‌మెంట్ కాంట్రాక్టు, సివిల్ కోర్టు, మూడేళ్ల కాలపరిమితి. వ్యక్తిగత సేవల కాంట్రాక్టును కోర్టు బలవంతంగా కొనసాగించదు కాబట్టి ఉద్యోగం తిరిగి రాదు, నష్టపరిహారమే, అదీ చాలాసార్లు నోటీసు కాలపు జీతం దగ్గర ఆగుతుంది. ఆ స్థాయివాళ్లకు కోర్టుకన్నా బేరమే ఎక్కువ ఇస్తుంది: అదనపు నెలల జీతం, బోనస్, ఇన్సూరెన్స్ కొనసాగింపు, రిలీవింగ్ లెటర్‌లో మాటలు. ఇవన్నీ సంతకానికి ముందే రాతలో తెచ్చుకోవాలి.

ఫలితం గురించి నిజం చెప్పాలి. లేబర్ కోర్టు కేసు ఏళ్లు పడుతుంది. తొలగింపు చెల్లదని తేలితే పునర్నియామకం, బ్యాక్ వేజెస్ సాధారణ నియమమని 2013లో దీపాలీ గుండు సుర్వాసే కేసు చెప్పింది. అయితే రోజువారీ, తాత్కాలిక ఉద్యోగుల కేసుల్లో, తీసేసి చాలా ఏళ్లయిన కేసుల్లో, ఉద్యోగానికి బదులు ఏకమొత్తం పరిహారం ఇవ్వడం ఎక్కువైంది. కేసు వేశాక వేరే ఉద్యోగంలో చేరకూడదన్న నియమం లేదు. ఇల్లు గడవాలి, చేరండి. అప్పుడు బ్యాక్ వేజెస్ తగ్గుతాయి, అంతే. కానీ చేరి కూడా నిరుద్యోగినని అఫిడవిట్ వేయొద్దు. పీఎఫ్ రికార్డులో కొత్త యజమాని పేరు కనిపిస్తుంది, ఆ ఒక్క అబద్ధంతో మిగతా నిజాలన్నీ అనుమానంలో పడతాయి.

సెటిల్‌మెంటు డబ్బు వస్తే తీసుకోండి. కాగితంలో "ఇక ఏ క్లెయిమూ లేదు, స్వచ్ఛందంగా వైదొలిగాను" అని ఉంటే దాని కింద "నిరసనతో స్వీకరిస్తున్నాను, నా హక్కులు వదులుకోవడం లేదు" అని చేత్తో రాసి సంతకం చేయండి. రాయనివ్వకపోతే అదే రోజు మెయిల్‌లో పెట్టండి. రిలీవింగ్ లెటర్ ఇవ్వం అన్న బెదిరింపుకు లొంగొద్దు: పేస్లిప్పులు, ఫామ్ 16, పీఎఫ్ సర్వీసు చరిత్ర కలిస్తే అనుభవానికి రుజువే. స్టాండింగ్ ఆర్డర్లు ఉన్న చోట తొలగించినవారికి కూడా సర్వీసు సర్టిఫికెట్ ఇవ్వాలి. పీఎఫ్ పోర్టల్‌లో వాళ్లు ఎగ్జిట్ తేదీ వేయకపోతే ఆఖరి చందా తర్వాత రెండు నెలలకు మీరే వేసుకోవచ్చు. ఆ తేదీ మీ దరఖాస్తులో రాసిన తొలగింపు తేదీతో సరిపోవాలి.

లాయరు ఖర్చు గురించి. కన్సిలియేషన్ దశలో లాయర్లను అనుమతించరు, మీరే మాట్లాడాలి లేదా యూనియన్ ప్రతినిధి మాట్లాడాలి. లేబర్ కోర్టులో కూడా అవతలివాళ్లు ఒప్పుకుని, కోర్టు అనుమతిస్తేనే లాయరు. తర్వాతి దశలో అవసరమైతే లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 1987 సెక్షన్ 12 చూడండి: మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, పారిశ్రామిక కార్మికులు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆధార్, తొలగింపు లెటర్, కన్సిలియేషన్ దరఖాస్తు రసీదు నకలు తీసుకుని వెళ్లి దరఖాస్తు ఇస్తే ప్యానెల్ లాయరును కేటాయిస్తారు.